కొత్తగా వేసిన వీల్ బేరింగ్ నెలల్లోనే ఎందుకు పోతుంది? సమస్య - పరిష్కారం

కారుతో పాటు వచ్చిన బేరింగ్ లక్ష కిలోమీటర్లు దాటినా నిశ్శబ్దంగా తిరుగుతుంది. దాని స్థానంలో వేసిన కొత్తది ఐదారు వేలకే గూమని మొదలుపెడుతుంది. "పీస్ బాగోలేదు" అనుకుని ఇంకోటి కొంటారు, అదే షాపులో అదే పద్ధతిలో ఎక్కిస్తారు, అదీ పోతుంది. నకిలీ సరుకు మార్కెట్లో లేదని కాదు, ఉంది. కానీ నా చేతికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం బిగించిన రోజే దెబ్బతిన్నవి. బేరింగ్ మంచిదే. ఎక్కించిన తీరే తప్పు.

ఇక్కడ చెప్పేది ముందు చక్రాలతో నడిచే చిన్న కార్ల గురించి. వీటిలో చాలా వాటికి రెండు వరుసల బాల్ బేరింగ్‌ను నకిల్‌లోకి (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే భాగం) ప్రెస్ చేస్తారు, అంటే ప్రెస్ యంత్రంతో నొక్కి ఎక్కిస్తారు, తర్వాత దాని మధ్యలోకి హబ్‌ను (చక్రం బిగించే భాగం) ప్రెస్ చేస్తారు. బోల్టులతో బిగించే హబ్ యూనిట్ అయితే ప్రెస్ గొడవ ఉండదు. నట్టు గురించి కింద రాసింది మాత్రం చాలావరకు దానికీ వర్తిస్తుంది.

వేగంతో పాటు పెరిగే హోరు

అది బేరింగ్ శబ్దమేనా అని ముందు తేల్చుకోండి. అరిగి మెట్లు పడిన టైరు కూడా అచ్చం ఇలాగే మోగుతుంది. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి ఒక రౌండ్ తిరిగి రండి. శబ్దం కూడా చోటు మారితే అది టైరుదే. ఈ పని చేయకుండా బేరింగ్ మార్చేసి, "కొత్తది వేసినా శబ్దం పోలేదు" అని వచ్చేవాళ్లు చాలామంది. అరగంట పని, పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

ఎడమకు తిప్పినప్పుడు హోరు పెరిగితే సాధారణంగా కుడి బేరింగ్, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. దీన్నే నమ్ముకోకుండా కారును జాకీ మీద, స్టాండు మీద నిలబెట్టండి. ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగ్ పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పండి. పోయిన బేరింగ్ గరగర స్ప్రింగ్‌లోంచి వేళ్లకు తెలుస్తుంది. చెవికి దొరకనిది కూడా ఇక్కడ దొరుకుతుంది.

ఒకే వైపు మళ్లీ మళ్లీ పోతుంటే

బేరింగ్‌ను వదిలేసి, మార్చని వాటిని చూడండి. అంటే నకిల్, హబ్.

కొత్త బేరింగ్ నకిల్ బోరులోకి, అంటే దాని రంధ్రంలోకి, ప్రెస్ మీద గట్టిగా, ఒకే తీరుగా దిగాలి. చేత్తో నొక్కితే దిగిందంటే పాత బేరింగ్ బయటి రేస్ (రేస్ అంటే బాల్స్ దొర్లే ఉక్కు కడియం, బయట ఒకటి, లోపల ఒకటి ఉంటాయి) బోరు లోపల తిరిగి బోరును అరగదీసిందన్నమాట. అలాంటి బోరుకు సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఒప్పుకోకండి. బేరింగ్ ఆ చుక్కల మీదే కూర్చుంటుంది, గుండ్రంగా పట్టు ఉండదు, కొన్నాళ్లకే కదలడం మొదలుపెడుతుంది. నకిల్ మార్చడమే దారి.

హబ్‌ది కూడా ఇదే సంగతి. పాత బేరింగ్ తీసేటప్పుడు లోపలి రేస్‌లో బయటివైపు ముక్క హబ్‌కే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండర్‌తో కోసి, ఉలితో చీలుస్తారు. అది మామూలే. కానీ గ్రైండర్ రాయి హబ్‌ను తాకిందా? గోరు పెట్టి రాసి చూడండి. గోరుకు గాటు తగిలితే అక్కడ లేచిన అంచు కొత్త రేస్‌ను వంకరగా కూర్చోబెడుతుంది. హబ్ నీలం రంగుకు తిరిగి ఉన్నా, రేస్ తిరిగి అరిగిన గుర్తులు ఉన్నా మార్చేయండి. గుంతలో గట్టిగా పడిన బండి అయితే హబ్ వంగిందేమో డయల్ గేజ్ పెట్టి చూడాలి. దాని ఊగు 0.05 మి.మీ. దాటితే నాకు అనుమానమే.

చేత్తో తిప్పితే నున్నగా ఉంది, నెల తర్వాత హోరు

మనుషుల్ని బాగా మోసం చేసేది ఇదే. ఎక్కించిన రోజున ప్లే (వదులు కదలిక) లేదు, శబ్దం లేదు, అంతా బాగుంది. అందుకే ఎక్కించినవాడి మీద ఎవరికీ అనుమానం రాదు.

బేరింగ్‌ను నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రేస్ మీదే నొక్కాలని దాదాపు అందరికీ తెలుసు. సరైన కొలత డిస్కు పెట్టో, పాత బేరింగ్ రేస్‌నే కాస్త అరగదీసి అడ్డం పెట్టో ఈ పని సవ్యంగానే చేస్తారు. బేరింగ్ బయటికి జారకుండా పట్టే సర్‌క్లిప్ కూడా వేస్తారు. పొరపాటు రెండో ప్రెస్సులో, హబ్‌ను ఎక్కించేటప్పుడు జరుగుతుంది.

నకిల్‌ను ప్రెస్ బల్ల మీద రెండు ఇనుప దిమ్మెల మధ్య ఆన్చి, పైనుంచి హబ్‌ను నొక్కుతారు. చూడ్డానికి ఏ తప్పూ కనిపించదు. కానీ ఆ బలం ఎటు పోతోందో చూడండి. హబ్ లోపలి రేస్‌ను కిందికి తోస్తుంది. ఆ రేస్ బాల్స్‌ను తోస్తుంది. బాల్స్ బయటి రేస్‌ను తోస్తాయి. బయటి రేస్ నకిల్‌లో ఉంది, నకిల్ దిమ్మెల మీద ఉంది. టన్నుల బలం మొత్తం బయటివైపు వరుసలోని ఆ చిన్న బాల్స్ గుండా పోయింది. ఒక్కో బాల్ రేస్ మీద ఒక్కో సన్నటి నొక్కు వేస్తుంది. చేత్తో తిప్పితే అది తెలియదు. కారు బరువు మీద, వేగం మీద తిరుగుతుంటే ఆ నొక్కుల అంచుల దగ్గర లోహం పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చులు గ్రీజులో కలిసి మిగతా బేరింగ్‌ను కొరికేస్తాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. లోపలి రేస్ రెండు ముక్కలుగా ఉంటుంది. హబ్ పై ముక్కను దాటి కింది ముక్కలోకి దూరేటప్పుడు, కింద ఆధారం లేకపోతే ఆ ముక్కను బయటికి తోసేస్తుంది. దాంతో పాటు సీలు జరుగుతుంది. మళ్లీ లోపలికి నెట్టి సర్దేస్తారు, కానీ ఆ సీలు మునుపటిలా పట్టదు. వానాకాలంలో నీళ్లు అక్కడినుంచే లోపలికి వెళతాయి.

పరిష్కారం ఒక పైపు ముక్క. బేరింగ్ కిందివైపు లోపలి రేస్‌కు మాత్రమే తగిలేలా, సీలుకు గానీ బయటి రేస్‌కు గానీ తగలని కొలతలో స్లీవ్ పెట్టాలి. లోపలి రంధ్రం హబ్ దిగడానికి సరిపోవాలి. నకిల్ దేనికీ ఆనకుండా గాల్లో ఉండాలి. అప్పుడు పైనుంచి నొక్కిన బలం హబ్ నుంచి లోపలి రేస్‌కు, అక్కడినుంచి నేరుగా స్లీవ్‌కు పోతుంది. బాల్స్ మీద ఏమీ పడదు. ఏ లేత్ షాపులోనైనా ఈ స్లీవ్ చేసిస్తారు, ఒకసారి చేయిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మీరు పని చేయిస్తుంటే ప్రెస్ దగ్గర నిలబడి ఒక్క మాట అడగండి: "హబ్ ఎక్కించేటప్పుడు కింద దేని మీద ఆనిస్తున్నారు?" నకిల్ మీద అని జవాబు వస్తే పని అక్కడే ఆపించండి. ప్రెస్ లేకుండా సుత్తితో కొట్టి ఎక్కించే చోట ఈ ప్రశ్న కూడా అక్కర్లేదు, బండి తీసుకుని వచ్చేయండి.

పోయిన బేరింగ్‌ను పారేయకుండా అడిగి తీసుకోండి. కోసి, రేస్ తుడిచి ఎండకు పట్టి చూడండి. బాల్స్ మధ్య ఎంత దూరం ఉందో సరిగ్గా అంత దూరంలో, ఒకే వరుసలో, ఒకే పక్కకు నొక్కులు కనిపిస్తే ప్రెస్సులో పోయినట్టే. రేస్ అంతా సమంగా అరిగి, గ్రీజు తుప్పు రంగుకు తిరిగి ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే.

బిగించినా ప్లే మిగిలింది, లేదా త్వరగా వచ్చింది

కారణం యాక్సిల్ నట్, అంటే యాక్సిల్ కొసన హబ్‌ను బిగించే పెద్ద నట్టు. ఆ రెండు ముక్కల లోపలి రేస్‌ను ఒకదానికొకటి నొక్కి పట్టేది ఈ నట్టే. బేరింగ్‌కు కావలసిన బిగువు దీనివల్లే వస్తుంది. చాలా చిన్న కార్లకు ఈ నట్టు టార్క్ (తిప్పి బిగించే బలం) 200 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకె మాత్రమే లెక్క. టార్క్ రెంచ్ గోడకు వేలాడుతూనే ఉంటుంది, అయినా ఇంపాక్ట్ గన్‌తో రెండుసార్లు గర్రుమనిపించి వదిలేస్తారు. గన్‌కు ఎంత బిగిసిందో తెలియదు.

చక్రం గాల్లో ఉండగానే, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే, రెంచ్‌తో పూర్తిగా బిగించి ఆ తర్వాతే బండిని కిందికి దించండి. నట్టు వదులుగా ఉండగా బండి బరువు పడకూడదు. యాక్సిల్ తీసిన బండిని తోసి పక్కకు పెట్టడం కూడా ఇదే తప్పు. అంచు నొక్కి లాక్ చేసే రకం నట్టు అయితే పాతది మళ్లీ వాడకండి.

బేరింగ్ మార్చాక ఏబీఎస్ లైటు వెలిగితే

చాలా బేరింగ్‌లకు ఒకవైపు సీలులోనే సెన్సర్ చదివే అయస్కాంత పట్టీ ఉంటుంది. ఆ వైపు సెన్సర్ ఉన్న దిక్కుకే రావాలి. తిరగేసి ఎక్కిస్తే లైటు ఆరదు, మళ్లీ తీస్తే ఆ బేరింగ్ పనికిరాదు. ఎక్కించే ముందే పేపర్ క్లిప్‌ను దగ్గరగా పట్టి చూడండి, పట్టీ ఉన్న వైపు లాగుతుంది.

మిగతావి

అరుదైనవి. బుడమేరు వరదలాంటి దాంట్లో మునిగిన కారైతే బేరింగ్ పోవడంలో వింతేమీ లేదు, నాలుగూ చూపించుకోండి. కంపెనీ కొలత దాటిన రిమ్ములు, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు బేరింగ్ మీద బరువు పెంచుతాయి, అవి తీసేయకుండా బేరింగ్ మాత్రమే మారుస్తూ పోతే ఫలితం ఉండదు. బాడీకి వెల్డింగ్ చేయించినప్పుడు ఎర్త్ చక్రం దగ్గర పెట్టి ఉంటే కరెంటు బాల్స్ గుండా పోయి రేస్ మీద చుక్కలు పడొచ్చు, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టమనండి. నకిలీ సరుకు అనుమానం ఉంటే డీలర్ బిల్లుతో కొనండి, ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలు పెట్టె ఫోటో పంపి తేల్చుకోవడానికి యాప్‌లు కూడా ఇస్తున్నాయి. కానీ ఇవన్నీ చూసేది నట్టు టార్క్, ప్రెస్ కింద స్లీవ్ సరిగ్గా ఉన్నాయని తేలాకే.