ఏడాదిలోపు బిడ్డకు ఇంట్లోనే సెన్సరీ ఆటలు ఆడించడం ఎలా?

ఏడాది నిండని బిడ్డకు ఆట అంటే చూడడం, వినడం, తాకడం, చేతికి అందినదాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించడం. ఇలా ఇంద్రియాలకు పని చెప్పేవే సెన్సరీ ఆటలు. వీటికి ఖరీదైన ఆటవస్తువులు అవసరం లేదు. వంటగదిలోనూ బట్టల బీరువాలోనూ ఉన్నవే సరిపోతాయి. అయితే ఏ వస్తువును ఏ వయసులో ఇవ్వాలి, దాన్ని ఎలా సిద్ధం చేయాలి, ఆటను ఎప్పుడు ఆపాలి అన్న మూడు విషయాలు తెలిసి ఉండాలి. మూడోదానిపై పెద్దలు పెట్టే శ్రద్ధ తక్కువ.

ముందుగా చేయవలసిన ఏర్పాట్లు

బిడ్డ నిద్ర లేచి, పాలు తాగి, కనీసం అరగంట గడిచి హుషారుగా ఉన్న సమయాన్ని ఎంచుకోండి. టీవీ, ఫోను ఆపి, నేలపై చాప వేసి, దానిమీద ఉతికిన దుప్పటి పరచండి. ఆడించబోయే ప్రతి వస్తువునూ ముందుగా పరీక్షించండి: టిష్యూ కాగితపు చుట్ట లోపలి అట్ట గొట్టంలో, అంటే సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పులో, దూరిపోయేది ఏదైనా బిడ్డ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. శనగలు, పల్లీలు, గవ్వలు, గోళీలు, బటన్ బ్యాటరీలు, అయస్కాంతాలు, ఊడివచ్చే మువ్వలున్న గజ్జెలు దగ్గరలో ఉండకూడదు. పళ్లెం నిండా బియ్యమో పప్పులో పోసి పిల్లల్ని కూర్చోబెట్టిన ఫోటోలు చూడముచ్చటగానే ఉంటాయి గానీ, ఆ ఆట ఈ వయసుకు తగదు.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ విషయంలో వయసును పుట్టిన తేదీ నుంచి కాక, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించడం మేలు.

మొదటి మూడు నెలలు

ఈ వయసులో బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం మాత్రమే. ఒడిలో ఉన్న బిడ్డకు తల్లి ముఖం ఉండే దూరం దాదాపు ఇంతే. తెల్ల అట్టపై నల్ల మార్కరుతో వెడల్పాటి గీతలు, వలయాలు గీసి ఆ దూరంలో పట్టుకోండి. బిడ్డ చూపు దానిపై నిలిచాక, మెల్లగా ఒక పక్కకు జరపండి; కళ్లు వెంట వస్తే ఇంకాస్త జరపండి, రాకపోతే తిరిగి మధ్యకు తీసుకురండి. చుక్కల ముగ్గులాంటి సన్నని పనితనం ఇంత చిన్న బిడ్డ కంటికి ఆనదు.

ఇదే అట్టను నిలబెట్టి, దాని ఎదుట బిడ్డను బోర్లా పడుకోబెట్టవచ్చు. ఇంకా పాకడం రాని పిల్లలను, మెలకువగా ఉన్నప్పుడు, విడతలవారీగా రోజుకు కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మొదట్లో విడతకు రెండు మూడు నిమిషాలు చాలు. నిద్రపోతే మాత్రం వెల్లకిలా తిప్పాలి.

నాలుగు నుంచి ఆరు నెలలు

చేయి చాచి అందుకోవడం మొదలవుతుంది కనుక ఇప్పుడు బట్టల ఆట బాగా సాగుతుంది. నూలు పంచె, టర్కీ టవలు, ఉన్ని శాలువా, పాత పట్టుచీర నుంచి జానెడు ముక్కలు కత్తిరించి, దారాలు ఊడకుండా అంచులు కుట్టండి. పట్టుచీరలో జరీ ఉన్న భాగాన్ని వదిలేయండి, అది లేత చర్మాన్ని గీరుతుంది. ఒక్కో ముక్కతో మొదట అరికాలిపై, తర్వాత అరచేతి వెనుక మెల్లగా రాస్తూ "మెత్తగా ఉందా, గరుకుగా ఉందా" అని మాట్లాడండి. బిడ్డ గుప్పిట విప్పితే ముక్కను చేతికివ్వండి. అది ఎలాగూ నోటికే వెళ్తుంది కాబట్టి వీటిని ముందే ఉతికి ఎండబెట్టాలి.

శబ్దం కోసం రెండు చిన్న పారదర్శక సీసాలు తీసుకుని, ఒకదానిలో బియ్యం, మరొకదానిలో కందిపప్పు కొద్దిగా పోసి, మూతలను గట్టి జిగురుతో అతికించి, పైన టేపు చుట్టండి. ఆడించే ప్రతిసారీ మూతను లాగి చూడాలి. కొయ్య గిలక కొనదలిస్తే, లక్కపూతకు సహజ రంగులు వాడే ఏటికొప్పాక బొమ్మలను పరిశీలించవచ్చు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి బొమ్మలైనా చిన్న భాగాలు ఊడివచ్చేలా ఉంటే ఇవ్వకూడదు.

ఆరు నుంచి తొమ్మిది నెలలు

కూర్చోవడం, ఘనాహారం తినడం మొదలయ్యాక అన్నిటికంటే రక్తి కట్టేది జావ ఆట. రెండు చెంచాల బియ్యప్పిండిని కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కబడే వరకు ఉడికించి, పూర్తిగా చల్లార్చండి. సగం జావలో బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు, మిగతా సగంలో చిటికెడు పసుపు కలపండి. పచ్చి పిండిలో హానికర బ్యాక్టీరియా ఉండవచ్చు కనుక ఉడికించడం తప్పనిసరి; ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదకరం కనుక నాకించడానికైనా అది కలపకూడదు. వాడే పదార్థాలన్నీ బిడ్డ ఇదివరకే తిని అలవాటు పడినవై ఉండాలి.

బిడ్డ చొక్కా విప్పి, చేతులు కడిగి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు రంగుల జావనూ పక్కపక్కన వేయండి. సాధారణంగా బిడ్డ మొదట ఒక్క వేలు ఆనించి, వెనక్కి తీసుకుని, మీ ముఖం వంక చూస్తుంది. ఆ చూపుకు మీరు నవ్వితే రెండోసారి అరచెయ్యే పడుతుంది. ఆపైన పళ్లేన్ని చరచడం, రంగులు కలిసిపోవడం, మోచేతుల దాకా జావ పాకడం మామూలే. చెయ్యి అంటుకున్నప్పుడల్లా తుడవడం మొదలుపెడితే ఆట అక్కడితో ఆగిపోతుంది. పసుపు మరక దుప్పటిని వదలదు గనుక పాతదే పరచండి. మిగిలిన జావను దాచకుండా పారబోయండి.

వాసనల ఆటకు నలిపిన కరివేపాకో నారింజ తొక్కో ముక్కుకు కాస్త దూరంలో క్షణంసేపు పట్టి తీసేస్తే చాలు. కర్పూరం, తలనొప్పి బామ్ వాడరాదు. సాంబ్రాణి పొగ కూడా పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తొమ్మిది నెలల తర్వాత

కనబడకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉందని గ్రహించే వయసు ఇది. అందుకే దోబూచికి ఇంత నవ్వుతారు. బిడ్డ చూస్తుండగానే బంతిని గిన్నె కింద దాచి, వెతకనివ్వండి. పళ్లెంలో రెండు వేళ్ల లోతున, మోచేతితో చూసుకున్న గోరువెచ్చని నీళ్లు పోసి ఉగ్గుగిన్నె ఇస్తే చాలాసేపు ముంచుతూ ఒంపుతూ కూర్చుంటారు. అయితే ఆ కాసిన్ని నీళ్లు కూడా ప్రాణాపాయమే. కాలింగ్ బెల్ మోగినా సరే, బిడ్డను చంకనెత్తుకునే లేవాలి. ఆట అవగానే నీళ్లు పారబోయాలి.

ఎప్పుడు ఆపాలి?

ముఖం పక్కకు తిప్పుకోవడం, వీపు విల్లులా వంచడం, గుప్పిళ్లు బిగించడం, కళ్లు నలుపుకోవడం "ఇక చాలు" అనడానికి గుర్తులు. అప్పుడు మరో గిలక అందుకోకుండా వస్తువులు తీసేసి, భుజాన వేసుకుని ఊరుకోబెట్టండి. ఆట రెండు నిమిషాలకే ముగిసినా నష్టం లేదు.

ఇక, నాలుగు నెలలు నిండినా కదిలే ముఖాన్ని కళ్లతో అనుసరించకపోయినా, ఆరు నెలలు నిండినా శబ్దాలకు స్పందించకపోయినా, ఆటలతో సరిచేయాలని చూడకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.