తెలిసిన జట్టుతో అడ్వెంచర్ రేసు: సిద్ధమయ్యే పద్ధతి

నడక, పరుగు, సైకిలు, పడవ, తాడు పని (తాడు సాయంతో బండలు ఎక్కడం, దిగడం) ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే జట్టు పోటీని అడ్వెంచర్ రేసు అంటారు. ఇందులో దారి గీసి ఉండదు. బయలుదేరే ముందు చేతికిచ్చే పటం మీద చెక్‌పాయింట్లు, అంటే జట్టు చేరాల్సిన చోట్లు, మాత్రమే గుర్తుపెట్టి ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకొకదానికి ఎటు వెళ్లాలన్నది జట్టే తేల్చుకోవాలి. 1989లో న్యూజిలాండ్‌లో జరిగిన రెయిడ్ గోల్వాజ్‌తో ఈ క్రీడ ఇప్పటి రూపానికి వచ్చింది, 1995లో అమెరికాలో మొదలైన ఎకో ఛాలెంజ్ దానిని టీవీ ప్రేక్షకుల దాకా చేర్చింది. పెద్ద పోటీలు రాత్రింబవళ్లు రోజుల తరబడి సాగుతాయి కానీ, కొత్తవారు నాలుగైదు గంటల్లో ముగిసే చిన్న పోటీతో మొదలుపెట్టడమే మేలు.

హైదరాబాద్‌లో ఇటువంటి పోటీకి వెళ్లే జట్లు చాలావరకు ఒకే ఆఫీసు నుంచో, ఒకే అపార్ట్‌మెంట్ నుంచో, ఆదివారం ఉదయం కలిసి సైకిలు తొక్కే బృందం నుంచో పుడతాయి. ఎనిమిది మంది ఉత్సాహపడితే నలుగురేసి రెండు జట్లవుతాయి, నిన్నటిదాకా పక్కపక్కన తొక్కినవారే ప్రత్యర్థులవుతారు. ఈ పరిచయం శిక్షణ కాలంలో ఎంత ఉపకారం చేస్తుందో పోటీ రోజున అంత అపకారం చేయగలదు. అందుచేత ఎదుటి జట్టును ఎప్పుడు దగ్గరకు తీయాలి, ఎప్పుడు పట్టించుకోకుండా వదిలేయాలి అన్నది ముందే నిర్ణయించుకోవాలి.

ముందుగా జట్టు సంగతి. పెద్ద పోటీల్లో నలుగురి జట్టులో స్త్రీ పురుషులిద్దరూ ఉండటం సాధారణ నియమం. నలుగురూ పోటీ అంతటా కలిసే ఉండాలి, ఒకరికొకరు వంద మీటర్ల దూరం దాటకూడదన్న నిబంధన చాలా చోట్ల ఉంటుంది, ఒక్కరు మానుకున్నా జట్టుకు స్థానం దక్కదు. కాబట్టి జట్టు వేగమంటే అందులో అందరికన్నా నెమ్మదైనవారి వేగమే. అత్యంత వేగంగా పరుగెత్తే నలుగురిని ఏరుకోవడం కన్నా, కాస్త అటూ ఇటూగా ఒకే వేగం ఉన్న నలుగురు కలవడం మంచిది. అలసిపోయినప్పుడు నోరు మూసుకుని బిగుసుకుపోయే మనిషి కన్నా, “నా సంచి కాసేపు పట్టుకోండి” అని అడగగలిగే మనిషి ఈ ఆటకు ఎక్కువ పనికొస్తాడు. బలంగా ఉన్నవారు సంచి మార్చుకోవడం, ఎక్కుడు దారిలో వెనుకవారి సైకిలును లాగడం ఇక్కడ తప్పు కాదు సరికదా, అనుభవమున్న జట్లు మొదటి గంట నుంచే ఆ పని చేస్తాయి. పెంపుడు కుక్కలకు వాడే, లోపలికి చుట్టుకుపోయే పట్టీని ముందు సైకిలు సీటు కింద బిగించి, దాని కొస వెనుక సైకిలు హ్యాండిల్ కాడకు తగిలిస్తే లాగే తాడు సిద్ధమవుతుంది. దీనిని ఖాళీ రోడ్డు మీద ముందుగా సాధన చేయాలి, దిగుడులో ఎప్పుడూ విప్పేయాలి.

శిక్షణకు నగరం చుట్టుపక్కల కావలసినన్ని చోట్లున్నాయి. మూసీ పుట్టిన అనంతగిరి కొండలు నడకకూ, పరుగుకూ, మట్టిదారి సైక్లింగ్‌కూ అనువైనవి, వికారాబాద్ సమీపంలోని కోటిపల్లి జలాశయంలో కయాకింగ్, అంటే సన్నని తెడ్డు పడవ నడపడం, దొరుకుతుంది. నగరంలోనే కావాలంటే దుర్గం చెరువు ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ దమ్ము పెంచుకోవడానికి బాగుంటుంది కానీ, గులకరాళ్ల మీద బ్రేకు వేయడం అది నేర్పదు. తాడు పనికి భువనగిరి కోట ఉన్న ఏకశిలను మించింది లేదు, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు అక్కడివే. అయితే తాడు మాత్రం శిక్షకుని పర్యవేక్షణలో తప్ప సొంతంగా నేర్చుకునే విద్య కాదు. అడవిలోకి వెళ్లే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు గనుక, మన పడవ మనదే కదా అని అక్కడ దింపే ఆలోచన పెట్టుకోకూడదు.

ప్రత్యర్థి జట్టు అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. పటం చదవడం ఒంటరిగా నేర్చుకోవడం కష్టం, ఎందుకంటే పాయింట్లు పెట్టినవారికి అవి ఎక్కడున్నాయో ముందే తెలిసిపోతుంది. దీనికి తేలిక ఉపాయం వంతులు వేసుకోవడం. ఒక నెల ఒక జట్టు ముందురోజు వెళ్లి ఎనిమిదో పదో చోట్ల చెట్ల కొమ్మలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి, ఒక్కో పీలిక మీద ఒక అక్షరం రాసి, వాటిని పటం మీద గుర్తుపెట్టి రెండో జట్టుకు ఇవ్వాలి. ఆ జట్టు అక్షరాలన్నీ రాసుకుని తిరిగి రావాలి. మరుసటి నెల పాత్రలు మారతాయి. పాయింట్లు పెట్టే జట్టు కూడా ఇందులో చాలా నేర్చుకుంటుంది. ఏ గుర్తు దగ్గర మనుషులు పొరబడతారో, పటం మీద తేలికగా కనబడిన చోటు నేల మీద ఎందుకు చిక్కుపెడుతుందో పెట్టేవారికే ముందుగా అర్థమవుతుంది. మిత్రులకు చిక్కుముడి వేయడంలో ఉన్న సంబరం వల్ల ఈ పని ఎవరూ ఎగ్గొట్టరన్నది అదనపు లాభం. సాధన ముగిశాక పీలికలన్నీ విప్పి తెచ్చుకోవడం పెట్టిన జట్టు బాధ్యత.

అప్పుడప్పుడు ఒక్కో మనిషిని జట్ల మధ్య మార్చుకోవాలి. మన పటం మనిషి ఎదుటి జట్టుతో ఒక ఉదయం తిరిగి వస్తే, వాళ్లు దిక్సూచి ఎన్నిసార్లు చూస్తారో, ఎక్కడ ఆగి మాట్లాడుకుంటారో కళ్లారా చూసి వస్తాడు. రహస్యాలు పోతాయేమోనన్న సందేహం అక్కర్లేదు. ఈ స్థాయి పోటీల్లో దాచుకోదగ్గ రహస్యమేదీ ఉండదు.

పటం విషయంలో కొంత నిదానం అవసరం. 1:50,000 పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ రేఖల మధ్య ఎత్తు తేడా మన ప్రాంతంలో సాధారణంగా 20 మీటర్లు గనుక, అంతకన్నా తక్కువ ఎత్తున్న బండరాళ్లు పటానికి కనబడకుండా పోవచ్చు. తెలంగాణ నేలలో దారి పట్టుకోవడానికి చెరువు కట్టను మించిన ఆధారం లేదు. కట్ట, కాలువ, హైటెన్షన్ తీగల వరుస వంటి పొడవాటి గుర్తును పక్కన పెట్టుకుని నడిచి, పాయింటుకు దగ్గరలో ఉన్న స్పష్టమైన చోటు చేరి, అక్కడి నుంచి మాత్రమే దిక్సూచి పట్టి లెక్కపెట్టుకుంటూ అడుగు వేయాలి. పటం మీద నీలంగా ఉన్న చిన్న చెరువు మార్చిలో పశువులు మేసే మైదానమై ఉండవచ్చు, కట్ట మాత్రం ఎక్కడికీ పోదు.

కొండ మీదుగా పోవాలా, చుట్టి పోవాలా అన్న ప్రశ్నకు 1892 నాటి నైస్మిత్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: సమతలం మీద గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఈ లెక్కన 120 మీటర్ల గుట్ట ఎక్కడానికి 12 నిమిషాలు అదనం, ఒకటిన్నర కిలోమీటరు చుట్టి రావడానికి 18 నిమిషాలు అదనం. కాగితం మీద గుట్టదే గెలుపు. కానీ ఆ గుట్ట బండలతో, తుమ్మ పొదలతో నిండి ఉంటే ఆ ఆరు నిమిషాల లాభం మొదటి పొద దగ్గరే కరిగిపోతుంది, చుట్టుదారిలో ఎడ్లబండి బాట ఉంటే పరుగే తీయవచ్చు. ఇద్దరు పటం చూడాలి, ఒకరు దారి చెప్పాలి, నలుగురూ చర్చించకూడదు.

సైకిలు భాగంలో మన ప్రాంతపు అసలు శత్రువులు పల్లేరు కాయలూ, తుమ్మ ముళ్లూ. ట్యూబుల్లో చిన్న రంధ్రాలను పూడ్చే సీలెంట్ ద్రవం పోయించుకుని, అయినా ఇద్దరికొక అదనపు ట్యూబు చొప్పున, పంపు, టైరు లీవర్లు, గొలుసు లింకు వెంట ఉంచుకోవాలి. పంక్చరైనప్పుడు తొందరలో కొత్త ట్యూబు ఎక్కించేస్తే, టైరులోనే మిగిలిన ముల్లు ఐదు నిమిషాల్లో దాన్నీ పొడుస్తుంది. టైరు లోపలి అంచంతా వేలితో కాకుండా గుడ్డముక్కతో తడమాలి. ముల్లు మొన కంటికి కనబడకపోయినా గుడ్డ పోగును పట్టి లాగుతుంది, అప్పుడు బయటి వైపు నుంచి గోటితో తీయవచ్చు. ఒకరు ఈ పని చేస్తుండగా మిగిలిన ముగ్గురు పక్కన నిలబడి సలహాలివ్వకుండా తినాలి, తాగాలి, తర్వాతి దారి చూసుకోవాలి.

ఇద్దరు ఎక్కే కయాక్‌లో ముందున్నవారు లయ పెడతారు, వెనుకున్నవారు ఆ లయను అనుసరిస్తూ దిశ తిప్పుతారు, కాబట్టి బలమూ అనుభవమూ ఉన్న మనిషి వెనుక కూర్చోవాలి. చేతులతో కాదు, నడుము తిప్పి తెడ్డు వేయాలి. బోల్తాపడితే పడవను వదలకూడదు. తాడు దిగే చోట వరుసలో నిలబడాల్సి వస్తే ఆ సమయమూ భోజన సమయమే. అక్కడ జుట్టు ముడివేసుకుని, చొక్కా లోపలికి దోపుకుని, హెల్మెట్ పట్టీ బిగించుకుంటే చాలు, మిగతాది నిర్వాహకులు చూసుకుంటారు.

పోటీలో సమయం ఎక్కువగా పోయేది కాళ్ల వల్ల కాదు, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారే చోట. సైకిలు దిగి పడవ ఎక్కే సరికి ఇరవై నిమిషాలు చేసుకునే జట్లు కద్దు. దీనికి మందు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. రెండు జట్లూ ఒక సాయంత్రం పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, గడియారం పట్టి బూట్లు, హెల్మెట్, లైఫ్ జాకెట్ మార్చుకోవడం సాధన చేయాలి. వాచ్‌మన్ నవ్వితే నవ్వనివ్వాలి. ఎవరి వస్తువులు వారి సంచిలో, తీయాల్సిన క్రమంలో పైనుంచి కిందికి సర్దుకుంటే ఐదు నిమిషాల్లో బయటపడవచ్చు.

తిండి విషయంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలన్నది క్రీడాపోషణలో స్థిరపడిన లెక్క. పల్లీపట్టి, ఖర్జూరం, అరటిపండు, చిన్న పొట్లాల్లో పులిహోర దీనికి సరిపోతాయి. తీపి తిని తిని వెగటు పుట్టిన నాలుగో గంటలో పులిహోర విలువ తెలుస్తుంది. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినంత నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. మార్చి దాటాక సాధన ఉదయం తొమ్మిదికల్లా ముగియాలి. చెరువులు నిండి, ఎండ తగ్గి ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ ఆటకు అసలైన కాలం. బండల కింద తేనెతుట్టెలు కనబడితే కేకలు వేయకుండా పక్కదారి పట్టాలి.

ఇక పోటీ రోజు. ఎదుటి జట్టుతో ముందుగానే రెండు ఒప్పందాలు చేసుకోవాలి. మొదటిది, ఎవరికైనా గాయమైతే పోటీ ఆగిపోతుంది, ఏ జట్టు దగ్గరుంటే ఆ జట్టు నిలబడి సాయం చేసి, నిర్వాహకులకో 108కో ఫోను చేస్తుంది. అలా ఆగిన సమయాన్ని చాలా పోటీల్లో ఆ జట్టు లెక్క నుంచి తీసేస్తారు. రెండోది, పలకరింపు ఉంటుంది, పాయింటు జాడ మాత్రం ఉండదు. “అన్నా, దొరికిందా?” అంటే “దొరికింది, నువ్వూ వెతుక్కో తమ్మీ” అన్నంతవరకే. ట్యూబు, పంపు వంటివి ఇచ్చిపుచ్చుకోవచ్చా లేదా అన్నది ఆ పోటీ నియమావళిలో చూసుకోవాలి.

ఒప్పందాల కన్నా కష్టమైనది చూపును అదుపులో పెట్టుకోవడం. తెలిసిన జట్టు దూరంగా కనబడగానే అడుగులు వాటంతటవే అటు మళ్లుతాయి. వాళ్లకు దారి తెలిసే ఉంటుందన్న నమ్మకం కలుగుతుంది, ముఖ్యంగా సాధనలో వాళ్లు తరచు గెలిచి ఉంటే. కానీ పాయింట్లను ఏ వరుసలోనైనా అందుకోవచ్చన్న పోటీలో వాళ్లు వెళ్తున్నది మనకు అక్కర్లేని చోటికి కావచ్చు, లేదా వాళ్లూ దారి తప్పి ఇంకో జట్టును అనుసరిస్తూ ఉండవచ్చు. ఎదుటి జట్టు కనబడిన ప్రతిసారీ పటం మనిషి ఆగి, మనం ఎక్కడున్నామో వేలు పెట్టి గట్టిగా చెప్పాలన్న నియమం పెట్టుకుంటే ఈ తప్పు చాలావరకు తప్పుతుంది. వాళ్లను దాటాలని వేగం పెంచడం కూడా ఇటువంటిదే. మొదటి గంటలో మిత్రులను దాటిన ఆనందానికి మూడో గంటలో పిక్కలు పట్టేసి వడ్డీ కట్టాల్సి వస్తుంది. చివరి కిలోమీటరులో మాత్రం, ఇక వెతకాల్సిన పాయింటు లేనప్పుడు, పోటాపోటీగా పరుగెత్తడంలో అభ్యంతరమేమీ లేదు.

ముగిశాక ఫలితాల పట్టిక చూసి ఊరుకోకుండా, బిర్యానీ బల్ల మీదనే రెండు జట్ల పటాలనూ పరచి, రెండు రంగుల పెన్నులతో ఎవరు వెళ్లిన దారి వారు గీయాలి. ఒక్కో పాయింటు దగ్గర పట్టిన సమయం పక్కన రాస్తే, ఎవరు ఎక్కడ ఎన్ని నిమిషాలు పోగొట్టుకున్నదీ తేలిపోతుంది. తర్వాతి సాధనకు పాయింట్లు పెట్టే వంతు గెలిచిన జట్టుకు ఇవ్వాలి, పటం మీద ఎక్కువ పని పడాల్సింది ఓడినవారికే గనుక.