స్టీమ్ సేల్ మొదలవకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పెద్ద సేల్‌లు మనకి రాత్రిపూటే మొదలవుతాయి. అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 10 గంటలంటే మనకి వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. భోజనాలు అయిపోయి, ఇంట్లోవాళ్లు పడుకుని, ఆఫీసులోనో కాలేజీలోనో రోజంతా అలసిపోయి ఫోన్ పట్టుకునే వేళ. ఆ వేళకి బుర్ర ఎంత పనిచేస్తుందో అందరికీ తెలిసిందే. కాబట్టి ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు సేల్ రాకముందు, పగటిపూట తీసుకోవాల్సినవి. ఒకసారి సేల్ పేజీ తెరిచాక ఎవరి సలహా చెవికెక్కదు.

ముందు క్యాలెండర్ చూసుకోండి. మార్చిలో స్ప్రింగ్ సేల్, జూన్ చివర్లో సమ్మర్ సేల్, ఆ తర్వాత ఆటమ్ సేల్, డిసెంబర్ మూడో వారంలో వింటర్ సేల్. 2025లో ఆటమ్ సేల్ సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 6 దాకా నడిచింది, అంటే సరిగ్గా దసరా సెలవుల్లో. జూన్ చివర్లోనేమో పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంల ఖర్చు ఇంకా సర్దుకోని రోజులు. వింటర్ సేల్ కొత్త సంవత్సరం దాటి నడుస్తుంది, ఆ వెనకే సంక్రాంతి ప్రయాణాలు. ఈ నాలుగూ కాక మధ్యలో పబ్లిషర్ల వీకెండ్ సేల్‌లు, ఫెస్ట్‌లు ఉండనే ఉన్నాయి. ఏడాదిలో ఏదో ఒకటి తగ్గింపులో లేని వారం ఉండదు. ఈ సంగతి గుర్తుంటే "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు" అన్న కంగారు సగం తగ్గుతుంది.

మిగతా సగం తగ్గడానికి ఇంకో విషయం తెలియాలి. ఒకప్పుడు స్టీమ్ సేల్‌లో ఫ్లాష్ డీల్స్ ఉండేవి. కొన్ని గంటలు మాత్రమే ఒక ధర, తర్వాత మాయం. 2015 చివర్లో వాటిని తీసేశారు. ఇప్పుడు సేల్ మొదటి రాత్రి ఏ ధర ఉందో దాదాపు అన్ని గేమ్‌లకీ చివరి రోజు దాకా అదే ధర. మొదటి అరగంటలో స్టోర్ పేజీలు తెరుచుకోక, ఎర్రర్‌లు వస్తుంటే మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొడుతూ కూర్చునేవాళ్లకి దానివల్ల ఒక్క రూపాయి కూడా కలిసిరాదు. కాబట్టి మొదటి నియమం ఇది: మొదటి రాత్రి ఏమీ కొనొద్దు. చూడండి, విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో) పెట్టుకోండి, పడుకోండి. కొనాలనుకుంటే సేల్ చివరి రెండు రోజుల్లో కొనండి. మొదటి రాత్రి "ఇది లేకపోతే బతకలేం" అనిపించిన గేమ్ పేరు పది రోజులు గడిచాక గుర్తుకే రాకపోతే, ఆ డబ్బు మిగిలినట్టే.

ఇక్కడ మోసం లేదు, అదే ప్రమాదం

ఆన్‌లైన్ షాపింగ్‌లో మనకి బాగా అలవాటైన ఒక అనుమానం ఉంది. ధర పెంచేసి, దాన్ని కొట్టేసి, పక్కన తగ్గింపు చూపిస్తున్నారేమో అని. స్టీమ్‌లో ఆ పప్పులు పెద్దగా ఉడకవు. ధర పెంచిన గేమ్‌కి 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టనివ్వరు. అందువల్ల 75 శాతం అని ఉంటే చాలావరకు అది నిజంగా 75 శాతమే. మన తెలివితేటలన్నీ ధర అబద్ధమా కాదా అని కనిపెట్టడానికి పనికొస్తాయి గానీ, నిజమైన తగ్గింపు ముందు చేతులెత్తేస్తాయి. ఇక్కడ తేల్చుకోవాల్సింది ధర సంగతి కాదు, నేను ఆడతానా లేదా అన్న సంగతి.

ఒక కార్ట్ వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలు. ₹2,999 గేమ్ 75 శాతం తగ్గింపులో ₹749. ₹1,299 ది సగం ధరకి ₹649. ₹480 ది ₹120. ₹880 ది 90 శాతం తగ్గి ₹88. మొత్తం ₹1,606. అసలు ధరలు కలిపితే ₹5,658, అంటే నాలుగు వేలకి పైగా మిగిలాయని సంబరం. ఇప్పుడు ఆరు నెలల తర్వాత చూడండి. మొదటి గేమ్ ఒక్కటే ఆడారు, మిగతా మూడూ కనీసం ఇన్‌స్టాల్ కూడా కాలేదు. అప్పుడు ఆ ఒక్క గేమ్ మీకు పడిన ధర ₹1,606. 75 శాతం తగ్గింపు కాస్తా 46 శాతం అయింది. పక్కన చేరిన ఆ మూడు "చవక" గేమ్‌లే దాన్ని తినేశాయి.

అందుకే నన్నడిగితే ₹2,000 గేమ్ కంటే ₹88 గేమ్ దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రెండు వేలు పెట్టేముందు ఎవరైనా రెండు రివ్యూలు చూస్తారు, ఇంట్లో ఒక మాట అనుకుంటారు. ఎనభై ఎనిమిది రూపాయలకి అంత ఆలోచన ఎవరూ పెట్టరు. "ఒక టీ, రెండు సమోసాల డబ్బు" అనుకుని నొక్కేస్తారు. సేల్ అయిపోయాక యూపీఐ హిస్టరీ తీస్తే అలాంటివే వరసగా కనిపిస్తాయి.

కొన్ని గేమ్‌లు కలిపి అమ్మే బండిల్స్‌దీ ఇదే కథ. మీకు కావాల్సింది ఒకటి, దానికి తోడు నాలుగు. ఐదూ కలిపి తీసుకుంటే ఇంకో పది శాతం తగ్గుతుందని ఊరిస్తుంది. కావాల్సిన ఆ ఒక్కటీ విడిగా ఎంతో చూసి, అంతవరకే తీసుకోండి.

పగటిపూట చేయాల్సిన పని

సేల్‌కి ఓ వారం ముందు స్టీమ్‌లో మీరు కొన్న గేమ్‌లన్నీ ఉండే లైబ్రరీ తెరవండి. ఇప్పటికే కొని, ఒక్క గంట కూడా ఆడనివి వేరు చేసి ఒక కలెక్షన్‌లో పెట్టండి. దానికి "ముందు ఇవి" అనో, మీ ఇష్టం, ఏదో ఒక పేరు పెట్టుకోండి. తర్వాత అందులో ఒక్కొక్క గేమ్‌కి ఎన్ని గంటలు పడుతుందో పక్కన రాయండి. విచర్ 3 లాంటిది ప్రధాన కథ ఒక్కటే పూర్తిచేయాలన్నా 50 గంటల మాట. పెర్సోనా 5 రాయల్ 100 గంటల దాకా లాగుతుంది. మీకు వారానికి నిజంగా దొరికే టైమ్ ఎంతో, ఆదివారం చుట్టాలొచ్చే లెక్కతో సహా రాసుకోండి. వారానికి ఐదు గంటలు దొరికే మనిషికి విచర్ 3 ఒక్కటే రెండున్నర నెలలు. ఈ లెక్క కాగితం మీద చేస్తే ఉండే ప్రభావం మనసులో అనుకుంటే ఉండదు.

స్టీమ్ వాళ్లే 2024 చివర్లో బయటపెట్టిన లెక్క ఒకటుంది. ఆ ఏడాది యూజర్లని ఆడిన గేమ్‌ల సంఖ్య ప్రకారం వరసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లు ఆడింది 4 గేమ్‌లు. మొత్తం ఆట సమయంలో ఆ ఏడాది విడుదలైన గేమ్‌లకి దక్కింది 15 శాతం. జనం ఎక్కువగా పాత గేమ్‌లే ఆడుతున్నారు. ఏడాదికి నాలుగు ఆడేవాళ్లు ఒక్క రాత్రిలో ఆరు కొంటే ఏమవుతుందో లెక్కలు రాకపోయినా తెలుస్తుంది.

విష్‌లిస్ట్‌ని కూడా కోసేయండి. ఏదో ట్రైలర్ చూసి మూడేళ్ల కింద పెట్టుకున్నవి, పేరు చూసినా ఇదేంటో గుర్తురానివి తీసేయండి. లేకపోతే సేల్ మొదలైన రాత్రి అవన్నీ మెయిల్‌లో వచ్చి తలుపు కొడతాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఈ మెయిల్స్ ఆపేసే వీలు ఉంది, ఆపేయండి. మిగిలినవాటి పక్కన మీరు ఇవ్వదలుచుకున్న ధర రాసుకోండి. స్టీమ్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో పాత ధరలన్నీ ఉంటాయి, ఇంతకుముందు ఎంతదాకా తగ్గిందో చూసుకుని ఆ ధర నిర్ణయించుకోవచ్చు.

డబ్బు సంగతికి వస్తే, నా ఓటు స్టీమ్ అకౌంట్‌లోనే ముందుగా డబ్బు వేసుకునే వాలెట్‌కి. ఈ సేల్‌కి ఇంత అని ముందే అనుకుని, పగలే వాలెట్‌లో వేసి, రాత్రి అందులో ఉన్నంతవరకే ఖర్చు పెట్టడం. ఒక చిక్కు ఏమిటంటే వాలెట్‌లో వేసిన డబ్బులో కొంచెం వాడినా, వేసి 14 రోజులు దాటినా దాన్ని తిరిగి తెచ్చుకోలేరు, అందువల్ల తక్కువే వేయండి. మిగిలితే వచ్చే సేల్‌కి పనికొస్తుంది. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం వద్దు.

ఆ రాత్రి మనసు చెప్పే మాటలు

"కొత్త పీసీ కొన్నాక ఆడతా." సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి గ్రాఫిక్స్ కార్డ్ తెచ్చుకున్న రోజే గేమ్ కూడా కొనుక్కోండి. ఆలోపు దాని ధర ఇంకా తగ్గుతుందే తప్ప పెరిగే అవకాశం తక్కువ. ఆలస్యం వల్ల గేమ్ కూడా బాగుపడుతుంది. సైబర్‌పంక్ 2077 విషయమే చూడండి. 2020 డిసెంబర్ 10న వచ్చింది. బగ్స్ ఎంత ఘోరంగా ఉన్నాయంటే వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక అది వేరే గేమ్ అన్నట్టు మారిపోయింది. మొదట్లో ఎగబడినవాళ్లు పూర్తి ధర ఇచ్చి సగం గేమ్ ఆడారు. ఎర్లీ యాక్సెస్ గేమ్‌లదీ, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టేవాటిదీ, అంతే. బాల్డర్స్ గేట్ 3 ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది 2020 అక్టోబర్‌లో, పూర్తిగా విడుదలైంది 2023 ఆగస్టులో. అది బంగారంలా తేలింది కాబట్టి సరిపోయింది, అన్నీ అలా తేలవు.

"మళ్లీ ఈ ధరకి రాదు." డిస్కౌంట్ అంటే సిటీ బస్సు, ఇది వెళ్తే ఇంకోటి వస్తుంది. నిజంగానే మళ్లీ రానివి కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా చూడాలి. కార్ల కంపెనీల లైసెన్సులు ముగిసి కొన్ని రేసింగ్ గేమ్‌లు స్టోర్ నుంచి వెళ్లిపోతాయి. ఫోర్జా హొరైజన్ 4ని 2024 డిసెంబర్ 15న అలాగే తీసేశారు. ఇలాంటివాటికి ముందే ప్రకటన వస్తుంది, ఆ ప్రకటన చూసి తొందరపడటంలో తప్పులేదు. ఫ్యాక్టోరియో లాంటి మొండిఘటాలు కూడా ఉన్నాయి. దాన్ని సేల్‌లో పెట్టం అని తయారీదార్లే చెప్పేశారు. పైగా 2023 జనవరిలో 30 డాలర్ల నుంచి 35కి పెంచారు. విచిత్రమేమిటంటే అలాంటి గేమ్‌ని ఎవరూ ఊరికే కొని పడేయరు. తగ్గింపు ఊరించదు కాబట్టి, ఆడాలనిపించిన రోజే కొంటారు, కొన్న రోజే ఆడతారు. మిగతా గేమ్‌లని కూడా అలా చూడగలిగితే సగం గొడవ ఉండదు.

"ఒరేయ్, తొంభై శాతం రా, అందరం తీసుకుందాం." వాట్సాప్ గ్రూప్‌లో ఈ మెసేజ్ రాగానే నలుగురూ కొనేస్తారు. ఒకడు డల్లాస్‌లో, ఇంకొకడు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, మూడోవాడికి ఆర్నెల్ల పాప. ముందు నలుగురికీ కుదిరే ఒక శనివారం తేల్చమనండి. అది తేలిన వారమే కొనొచ్చు. ఆ శనివారం తేలకపోతే గేమ్ మీద కోపం పెట్టుకోవాల్సిన పనే లేదు.

"ఎప్పటికీ నాదే కదా, ఎప్పుడో ఒకప్పుడు ఆడతా." ఇది ఒకప్పటి డిస్కుల నాటి మాట. ఇప్పుడు స్టీమ్ కార్ట్‌లోనే రాసి ఉంటుంది, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అని. ఆన్‌లైన్ సర్వర్ మీద నడిచే గేమ్‌లైతే మరీనూ. యూబీసాఫ్ట్ వాళ్లు "ది క్రూ" అనే గేమ్ సర్వర్లని 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకి కూడా ఆ తర్వాత ఆట లేదు. మల్టీప్లేయర్ గేమ్ కొని దాచుకోవడమంత అర్థం లేని పని ఇంకోటి లేదు.

స్టీమ్‌కి పోటీ అయిన ఎపిక్ స్టోర్‌లో వారం వారం వచ్చే ఉచిత గేమ్‌లు వేరే సంగతి. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నట్టు అందరం పోగేస్తాం. డబ్బు పోదు కాబట్టి నేను దాన్ని పెద్దగా తప్పుపట్టను. కొనే ముందు ఆ గేమ్ అక్కడ ఇప్పటికే మీ దగ్గర ఉందేమో మాత్రం చూసుకోండి. చాలామందికి ఉంటుంది. అలాగే ఇంట్లో అన్నదమ్ములు ఆడేవాళ్లయితే స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా ఒకరి లైబ్రరీ ఒకరు వాడుకోవచ్చు. ఒకే కాపీని ఇద్దరు ఒకేసారి ఆడలేరు. పిల్లల అకౌంట్ అయితే వాళ్లు కొనమని అడిగినప్పుడు మీ అనుమతికి వచ్చేలా పెట్టుకోవచ్చు. నాన్న ఫోన్‌లో ఓటీపీ చూసేసే పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

కొన్నాక

స్టీమ్ రిఫండ్‌కి రెండు షరతులు: కొని 14 రోజులు దాటకూడదు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉండాలి. కొని పక్కన పెట్టేవాళ్లు ఈ సదుపాయాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. మూడు నెలల తర్వాత తెరిచి, నచ్చలేదనో మన లాప్‌టాప్‌లో నత్తనడక నడుస్తోందనో తెలిసినా అప్పటికి చేయగలిగేది లేదు. అందుకని ఏది కొన్నా ఆ వారమే ఇన్‌స్టాల్ చేసి ఒక గంట ఆడండి. హార్డ్ డిస్క్‌లో చోటు ఉందో లేదో కొనేముందే చూడండి, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి 150 జీబీ అడుగుతాయి. సేల్‌కి కొద్దిరోజుల ముందు పూర్తి ధరకి ఏదైనా కొని ఉంటే, రిఫండ్ తీసుకుని తగ్గిన ధరకి మళ్లీ కొనుక్కోవచ్చు, దాన్ని దుర్వినియోగంగా చూడం అని స్టీమ్ నిబంధనల్లోనే ఉంది. ప్లేస్టేషన్ వాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ డౌన్‌లోడ్ మొదలుపెట్టాక మామూలుగా రిఫండ్ రాదు.

రిఫండ్ అడిగేటప్పుడు డబ్బు ఎక్కడికి రావాలో అడుగుతుంది. వాలెట్ అని కాకుండా మీరు కట్టిన పద్ధతినే ఎంచుకోండి. కొన్ని పేమెంట్ పద్ధతులకి ఆ వీలుండదు, అప్పుడు వాలెట్‌కే వస్తుంది. అలా వాలెట్‌కి వచ్చిందంటే, సేల్ పూర్తిగా ముగిసేదాకా స్టోర్ పేజీ తెరవకండి.