చెన్నై తీరంలో ఫొటోలు చెడిపోతున్నాయా? సమస్య - పరిష్కారం

చెన్నైలో సముద్రం ఒడ్డున తీసిన ఫొటోలు మసకగా వస్తే అందరం ముందు లెన్స్‌నే అనుమానిస్తాం. నా లెక్కలో సగానికి పైగా తప్పు తేమది, ఉప్పుగాలిది. డబ్బు పెట్టి కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి.

కెమెరా బయటకు తీయగానే అంతా తెల్లటి పొగలా కనిపిస్తోంది

రాత్రంతా ఏసీ గదిలో ఉండి గాజు చల్లబడింది. ఇక్కడి గాలిలో తేమ ఎంత ఎక్కువంటే, 24, 25 డిగ్రీలకు చల్లబడిన వస్తువు తగిలినా చాలు, నీరుగా మారిపోయే రోజులు బోలెడు. మీ ఏసీ 22లో ఉంటే ఇక చెప్పేదేముంది, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు పట్టినట్టు లెన్స్‌కు చెమట పడుతుంది. తుడిస్తే పోతుంది, నిమిషంలో మళ్లీ వస్తుంది. గాజు వేడెక్కేదాకా తుడవడం దండగ.

కెమెరా బ్యాగును రాత్రే ఏసీ లేని హాల్లో పెట్టేయండి. కుదరకపోతే గదిలో ఉండగానే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసి మూసి, బయటికొచ్చాక అరగంట అలాగే ఉంచండి. తేమ కవర్ మీద పడుతుంది, కెమెరా మీద కాదు. ఈసీఆర్ (తీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా మహాబలిపురం వెళ్లేవాళ్లు కోవళం దాటగానే ఏసీ ఆపి, అద్దాలు దించేస్తే చాలు, గుడి దగ్గరికి చేరేసరికి కెమెరా బయటి వేడికి అలవాటుపడుతుంది.

ముందు గాజు తుడిచినా మసక కదలకపోతే ఆవిరి వెనక గాజు మీదో, లోపలో ఉన్నట్టు. అప్పుడు టెన్షన్‌లో లెన్స్ విప్పకండి. తడిగాలి సెన్సార్ (బొమ్మను పట్టే చిప్) దాకా వెళ్తుంది.

ఆవిరి లేదు, అయినా సూర్యుడి చుట్టూ పాలిపోయినట్టు ఉంది

ఇది ఉప్పు. కెరటాల తుంపర ఎండి గాజు మీద సన్నటి పొరగా మిగులుతుంది. చొక్కా అంచుతో రుద్దితే ఆ ఉప్పు పలుకులే కోటింగ్‌ను గీస్తాయి. ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి, తర్వాత క్లీనింగ్ ద్రవంతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. తీరంలో లెన్స్ ముందు బిగించే మామూలు యూవీ ఫిల్టర్ వేసుకోవడం మంచిదంటాను.

ఆకాశం తెల్లగా, నేల నల్లగా

మబ్బుల వెనక సూర్యుడు, ముందు నీడలో ఉన్న పడవలు. ఈ రెంటి మధ్య వెలుగు తేడాను సెన్సార్ ఒక్క షాట్‌లో పట్టలేకపోతోంది. రా ఫార్మాట్‌లో (సెన్సార్ పట్టిన వివరాలన్నీ దాచే ఫైలు), ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. లేదా రెండేసి స్టాపుల (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపు) తేడాతో మూడు షాట్లు తీసి తర్వాత కలపండి. ముసురు పట్టి ఆకాశం మొత్తం ఒకే బూడిదరంగులో ఉంటే దానితో కుస్తీ వద్దు. ఫ్రేమ్‌లోంచి తీసేయండి. చెన్నై చేపల రేవు కాశిమేడులో తడిసిన వలలు, పడవల రంగులు ఆ వెలుగులోనే నిండుగా వస్తాయి.

మంచి మబ్బు ఎప్పుడూ చేజారిపోతోంది

నిలబడ్డ దిక్కు తప్పు. అక్టోబరు - డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల కాలంలో వాన సముద్రం మీంచి వస్తుంది, తూర్పున మబ్బు మూసుకుంటే సూర్యోదయం పోయినట్టే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం ఉరుముల వానలు ఎక్కువగా పడమటి నుంచి, అంటే నేల మీంచి వస్తాయి. మెరీనాలో అందరూ సముద్రం వైపు చూస్తుంటే అసలు మబ్బు వీపు వెనక లేస్తుంటుంది. బయల్దేరేముందు వాతావరణ శాఖ రాడార్ బొమ్మ ఒకసారి చూడండి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. ట్రైపాడ్ మడిచి కారులోకో, పక్కా భవనంలోకో వెళ్లిపోండి. ఏ ఫొటో కోసమూ ఆగొద్దు.

ట్రైపాడ్ వాడినా ఫొటో కదిలింది

వెనక్కి పోయే కెరటం ట్రైపాడ్ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. కాళ్లను ఇసుకలోకి గట్టిగా దించి, రెండు కెరటాలు పోనిచ్చి, అప్పుడు ఫ్రేమ్ పెట్టండి. గాలికి కొట్టుకునే మెడపట్టీ కూడా కెమెరాను కదిలిస్తుంది, విప్పేయండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడగండి.

లెన్స్ లోపల సాలెగూడు లాంటి పోగులు

ఫంగస్. పెరిగాక మెకానిక్ పనే. రాకుండా ఉండాలంటే లెన్స్‌ను తోలు కవర్‌లో, బీరువాలో దాచకండి. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గింజలతో పెట్టి, లోపలి తేమ 40-50 శాతం ఉండేలా చూసుకోండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే అవి ఇక తేమ పీల్చవు, వేడిచేసి ఆరబెట్టాలి.