పాత కారు డ్యాష్‌బోర్డులో స్పీకర్ గరగర: ఎక్కడుందో పట్టుకుని ఆపడం

పాట బాగానే వస్తుంటుంది, బేస్ పడ్డప్పుడల్లా డ్యాష్‌బోర్డులోంచి జర్రుమని అదురు. అది వినగానే స్పీకర్ పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లే ఎక్కువ. కొత్తది బిగించినా అదే చప్పుడు వస్తే నిరాశ తప్పదు. పాత కార్లలో చాలాసార్లు అదిరేది స్పీకర్ కాదు, దాని చుట్టూ ఉన్న సరంజామా: క్లిప్పు విరిగిన గ్రిల్, వదులైన స్క్రూ, వేలాడే కనెక్టరు, ముందు అద్దానికి గాలి కొట్టే గొట్టం. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చెవులతో చేయాల్సిన పని చాలా ఉంది.

విప్పకముందే వెతకండి

కారు ఆపి, ఇంజిన్, ఫ్యాన్ కట్టేసి, అద్దాలు పైకెత్తండి. తాళంచెవి ఏసీసీ (ఇంజిన్ ఆన్ కాకుండా స్టీరియో మాత్రం పనిచేసే స్థానం) దగ్గర ఉంచితే చాలు. పాత బ్యాటరీ అయితే అరగంటకు మించి ఇలా ఉంచొద్దు. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచేది) పూర్తిగా ముందుకు, బ్యాలెన్స్ (ఎడమ, కుడి మధ్య పంచేది) ఒక పక్కకు తిప్పండి. ఫోన్‌ను స్టీరియోకు కలిపి, అందులో టోన్ జనరేటర్ యాప్ (ఒకే స్వరాన్ని ఆగకుండా మోగించేది) పెట్టి 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) నుంచి 400 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ వెళ్లండి. రోజూ పాటలు వినే వాల్యూమ్ సరిపోతుంది. ఒకే టోన్‌ను గట్టిగా, చాలాసేపు మోగిస్తే వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపల కదిలే తీగచుట్ట) వేడెక్కి నిజంగానే పాడవుతుంది.

వదులుగా ఉన్న ప్రతి వస్తువూ తనకు సరిపడే ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్ అంకె) దగ్గరే గట్టిగా అదురుతుంది. మామూలు పాటలో అది ఒక క్షణం వచ్చి పోతుంది కాబట్టి దొరకదు. టోన్‌తో అయితే అదురు మొదలైన చోటే ఆగి, ఆ అంకె రాసుకుని, తీరిగ్గా చేత్తో వెతకొచ్చు. అరచేతిని గ్రిల్ మీద, తర్వాత దాని అంచుల మీద, ఏసీ వెంట్ల మీద, గ్లోవ్‌బాక్స్ మూత మీద, మీటర్ల ముందున్న ప్లాస్టిక్ అద్దం మీద ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. చప్పుడు ఆగిందని వెంటనే నమ్మొద్దు. నొక్కినప్పుడు అదిరే ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది. చెయ్యి తీయకుండానే టోన్‌ను 20 హెర్ట్జ్ అటూ ఇటూ జరపండి. అక్కడా రాకపోతే దొంగ దొరికినట్టే. వేరే అంకె దగ్గర మళ్లీ మొదలైతే మీరు నొక్కింది అదిరే వస్తువును కాదు, దాని పక్కదాన్ని.

రెండు పక్కల స్పీకర్లూ ఒకే వాల్యూమ్ దాటాక ఒకేలా గరగరలాడుతుంటే డ్యాష్‌బోర్డును విప్పి లాభం లేదు. అది స్టీరియో శక్తికి మించి మోగించడం వల్ల వచ్చే చప్పుడు. వాల్యూమ్ తగ్గిస్తే పోతుంది.

విప్పేటప్పుడు

డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే, లోపలి భాగాలు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని కదపొద్దు, మల్టీమీటర్ ముల్లు అసలే పెట్టొద్దు.

ఏళ్ల తరబడి ఎండ తిన్న ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. చలిలో గ్రిల్ పీకితే క్లిప్పు పటుక్కున విరుగుతుంది. కారు కాస్త వెచ్చబడ్డాక, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌ను (గీతలు పడకుండా భాగాలను ఎత్తే చదునైన పనిముట్టు) గుడ్డ మీద ఆనించి, క్లిప్పు ఉన్న చోటే పైకి ఎత్తండి. కొన్ని కార్లలో గ్రిల్ కిందే ఎండను పసిగట్టే సెన్సర్ వైరు ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా లాగొద్దు.

స్పీకర్‌ది తప్పా, కాదా

స్క్రూలు తీసి స్పీకర్‌ను బయటకు తెచ్చి, వైర్లు తగిలించే ఉంచి, మెత్తటి గుడ్డ మీద పెట్టి, బ్యాటరీ తిరిగి కలిపి, రాసుకున్న ఫ్రీక్వెన్సీనే తక్కువ వాల్యూమ్‌లో మోగించండి. వెనకున్న టెర్మినళ్లు ఏ లోహానికీ తగలకూడదు. చప్పుడు రాకపోతే స్పీకర్ నిర్దోషి. వస్తే, రెండు బొటనవేళ్లతో కోన్‌ను (స్పీకర్ మధ్యలో కదిలే గరాటు లాంటి భాగం) ఇరువైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. ఇసుక రాసినట్టు గరుకు తగిలితే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది, ఆ స్పీకర్ మార్చాల్సిందే. కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు వేలితో తాకితే పొడిగా రాలుతున్నా అంతే. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కు మల్టీమీటర్‌లో సుమారు 3.2 నుంచి 3.8 ఓమ్‌లు కనిపించాలి. కానీ ఈ అంకె బాగున్నా కాయిల్ రాసుకోవచ్చు, వేలికి తెలిసిందే నమ్మండి. పైనుంచి పడ్డ ఎండుటాకు, చిన్న స్క్రూ కోన్ మీద గంతులేస్తున్నాయేమో కూడా చూడండి, ఇది మీరనుకునేదానికంటే తరచుగా జరుగుతుంది.

బిగించడం

ఎక్కువ చప్పుళ్లు ఆగిపోయేది ఇక్కడే. స్పీకర్ ఫ్రేముకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య 3 మి.మీ. మందం, 10 మి.మీ. వెడల్పున్న క్లోజ్డ్ సెల్ (నీరు పీల్చని) ఫోమ్ టేపు చుట్టూ తెంపు లేకుండా అంటించండి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తూ, ఫోమ్ దాదాపు సగానికి నలిగే దాకా వెళ్లండి. మరీ బిగిస్తే ఫ్రేము వంగి, కొత్త స్పీకర్‌లో కూడా కాయిల్ రాసుకోవడం మొదలవుతుంది. రంధ్రం అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, పొడవైన స్క్రూ దూర్చొద్దు, కింద గొట్టమో వైరో ఉండొచ్చు. ప్లాస్టిక్ అంచుకు తొడిగే యూ ఆకారపు ఇనుప క్లిప్పు పెట్టండి.

గ్రిల్‌కు ఫోమ్ కంటే ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) టేపు మంచిది. పల్చగా ఉంటుంది కాబట్టి గ్రిల్ పైకి లేవదు, ఎండకు పొడి కాదు. క్లిప్పుల కాళ్ల చుట్టూ, గ్రిల్ అడుగున ఆనే అంచు పొడవునా వేయాలి. వైర్లకూ అదే టేపు చుట్టి, కనెక్టరును కదలకుండా నైలాన్ టైతో కట్టండి. గాలి గొట్టానికి తగిలే చోట చిన్న ఫెల్ట్ ముక్క చాలు. గొట్టం నోట్లో మాత్రం ఏదీ కుక్కొద్దు.

గ్లూ గన్ జిగురు ఇక్కడ పనికిరాదు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు వేడికి మెత్తబడి ఊడిపోతుంది. వెనిగర్ వాసన వేసే సిలికాన్ రాగి టెర్మినళ్లను తినేస్తుంది. రెండు గట్టి ప్లాస్టిక్‌లు రాసుకుని కిచకిచమంటే కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. స్ప్రే అయితే ముందు అద్దం మీద పొర కడుతుంది కాబట్టి గుడ్డ మీద కొట్టి తుడవండి.

చిన్న స్పీకర్‌కు పెద్ద బేస్ పంపొద్దు

మూడున్నర అంగుళాల స్పీకర్ లోతైన బేస్ ఇవ్వలేదు, ఇవ్వబోయి డ్యాష్‌బోర్డును అదరగొడుతుంది. డోర్లలో వేరే స్పీకర్లు ఉంటే ఆ పని వాటికి వదిలేయండి. డ్యాష్‌బోర్డు స్పీకర్లు స్టీరియోలో విడి ఛానెల్ మీద ఉంటే, దాని హై పాస్ ఫిల్టర్‌ను (బేస్‌ను తగ్గించి పైస్వరాలను పంపే అమరిక) 100–150 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే డ్యాష్‌బోర్డు స్పీకర్‌కు మాత్రమే వెళ్లే పాజిటివ్ వైరులో 220 మైక్రోఫారడ్, 50 వోల్టుల నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్‌ను వరసగా కలపండి. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కు ఇది సుమారు 180 హెర్ట్జ్ కింద బేస్‌ను క్రమంగా తగ్గిస్తుంది. మామూలు పోలార్ కెపాసిటర్ వేస్తే తొందరగా చెడిపోతుంది. కలిపాక దానికీ ఫెల్ట్ చుట్టి కట్టేయండి, లేదంటే అదే కొత్త గరగర అవుతుంది.

గ్రిల్ పూర్తిగా నొక్కేయకముందే 40 నుంచి 400 దాకా మళ్లీ ఒకసారి మోగించండి. ఒక పెద్ద అదురు ఆగాక దాని వెనక దాక్కున్న చిన్నది బయటపడటం మామూలే. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం కారు ఎండలో కాగాక మరోసారి వినండి. ప్లాస్టిక్ చలికి కుంచించుకుని, వేడికి సాగి ఖాళీలు మారతాయి కాబట్టి, ఒక పూట మాత్రమే వచ్చే చప్పుడు అప్పుడే దొరుకుతుంది.