తప్పు డ్రిల్లుదా, ఎంపికదా? చవక కార్డ్‌లెస్ డ్రిల్లులు, డ్రైవర్లు: సమస్యలు - పరిష్కారాలు

చవకగా కొన్న కార్డ్‌లెస్ డ్రిల్లు సరిగా పనిచేయడం లేదని ఎవరైనా అంటే వెంటనే వినిపించే సలహా ఒకటే: ఇంకా ఎక్కువ వోల్టులది కొనండి. ఈ సలహా చాలాసార్లు తప్పు. ఇంటి పనిలో ఎదురయ్యే ఇబ్బందుల్లో కొన్ని బిట్ (డ్రిల్లు ముందు భాగంలో బిగించే కడ్డీ) వల్ల, కొన్ని బ్యాటరీ వల్ల, కొన్ని గేరు తప్పుగా పెట్టడం వల్ల వస్తాయి. మిగిలినవి ఆ పనికి ఆ రకం పరికరమే సరిపోక వచ్చేవి. అందుకే కింద చేతిలో ఉన్న డ్రిల్లుతో ఏం చేయాలో చెబుతూనే, కొత్తది కొనేవారు ఏం చూసుకోవాలో కూడా కలిపి రాశాను.

ట్రిగ్గర్ నొక్కినా కదలదు

ముందుగా దిశ మార్చే మీట చూడండి. అది మధ్యలో ఉంటే ట్రిగ్గర్ లాక్ అయినట్టే. తర్వాత బ్యాటరీని తీసి, క్లిక్‌మనేదాకా మళ్లీ నెట్టండి. బ్యాటరీ లోహపు కొనల మీద చెక్కపొట్టు ఉంటే పొడి బ్రష్‌తో దులపండి. ఇవన్నీ సరిగానే ఉండి, డ్రిల్లు ఒంటి మీద చిన్నగా తడితే తిరిగి, మళ్లీ ఆగిపోతోందంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండవచ్చు. కొన్ని డ్రిల్లుల్లో వాటిని మార్చుకోవచ్చు, చవక రకాల్లో చాలావాటికి మోటారునే మార్చాల్సి ఉంటుంది. బ్రష్‌లెస్ మోటారుకు ఈ అరుగుదల ఉండదు, అదే ఛార్జితో కాస్త ఎక్కువ పని కూడా చేస్తుంది. అయితే నెలకోసారి అల్మరా కీలు బిగించేవారికి బ్రష్ మోటారు చాలు. ఆ మిగులు డబ్బు రెండో బ్యాటరీకి పెట్టడం మేలు.

కటకటమని శబ్దం వస్తుంది, స్క్రూ దిగదు

గేర్లు విరిగాయని కంగారు పడవద్దు. అది క్లచ్ జారుతున్న శబ్దం. బిట్‌ను పట్టుకునే నోటి భాగం, అంటే చక్ వెనుక అంకెలున్న రింగు ఉంటుంది. స్క్రూకు అవసరమైన బిగింపు ఆ అంకె ఇచ్చే హద్దు దాటగానే క్లచ్ జారి, మోటారు బలాన్ని స్క్రూకు చేరనివ్వదు. చిన్న అంకెతో మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కతో సమంగా కూర్చునేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లండి. రంధ్రం వేసేటప్పుడు మాత్రం రింగును డ్రిల్ బిట్ గుర్తు మీదికి తిప్పాలి.

ఈ అంకెలు ఏ కొలతకూ సంబంధించినవి కావు. ఒక కంపెనీ డ్రిల్లులో 5 అంటే మరో కంపెనీ డ్రిల్లులో 5 కాదు. పాతిక మెట్లున్న క్లచ్ పదిహేను మెట్లున్న దానికన్నా గొప్పదని కూడా అనుకోనక్కర్లేదు. అతి తక్కువ అంకె దగ్గర అది నిజంగా సున్నితంగా జారుతుందా అన్నదే ముఖ్యం. ప్లాస్టిక్‌లోకో, పలుచని పార్టికల్ బోర్డులోకో చిన్న స్క్రూ బిగించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

స్క్రూ తల అరిగిపోతుంది, బిట్ ఎగిరి బయటికి వస్తుంది

అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే. తప్పు సాధారణంగా డ్రిల్లుది కాదు, బిట్‌ది. ప్లస్ ఆకారంలో కనిపించే తలలన్నీ ఒకటి కావు. ఫిలిప్స్ తలలో ప్లస్ గుర్తు మాత్రమే ఉంటుంది. పోజిడ్రైవ్ తలలో ఆ ప్లస్ గీతల మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. ఫిలిప్స్ బిట్ అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి బలం పెరిగేకొద్దీ బయటికి జారడం దాని స్వభావం. ఒక రకం బిట్‌ను మరో రకం తలలో వాడితే ఈ జారుడు ఇంకా ఎక్కువ. ఇంటి పనిలో తరచుగా కనిపించేవి పీహెచ్2 (ఫిలిప్స్), పీజెడ్2 (పోజిడ్రైవ్) సైజులు. చిన్న స్క్రూలకు 1వ సైజు, లావు స్క్రూలకు 3వ సైజు అవసరమవుతాయి. కొత్తగా స్క్రూలు కొనే అవకాశం ఉంటే ఆరు కొనల నక్షత్రం ఆకారపు టార్క్స్ తల ఉన్నవి తీసుకోండి, ఈ తలనొప్పి చాలావరకు పోతుంది.

బిట్ సరైనదే అయినా తల అరుగుతోందంటే మూడు విషయాలు చూడండి. గేరు 1లో, అంటే తక్కువ వేగంలో ఉండాలి. బిట్ స్క్రూకు నిటారుగా ఉండాలి, ట్రిగ్గర్ నొక్కకముందే ఒంటి బరువు కొంత దాని మీద మోపాలి. గట్టి చెక్క అయితే ముందుగా సన్నని రంధ్రం వేయాలి. దానికి ఏ సైజు బిట్ కావాలో తెలుసుకోవడానికి కొలతల పట్టిక అక్కర్లేదు. డ్రిల్ బిట్‌ను స్క్రూ ముందు అడ్డుగా పట్టుకుని చూడండి. స్క్రూ నడుమ భాగం దాని వెనుక కనిపించకుండా పోవాలి, మరలు మాత్రం రెండు పక్కలా బయటికి కనిపించాలి.

పొడవాటి స్క్రూలు వరుసగా దించే పని మీకు తరచుగా ఉంటే అసలు పరిష్కారం ఇంపాక్ట్ డ్రైవర్. అది నిరంతరంగా తిప్పడమే కాకుండా, ఒత్తిడి పెరగగానే తిరిగే దిశలో నిమిషానికి మూడు వేలకు అటూ ఇటూగా దెబ్బలు వేస్తుంది. దాంతో బిట్ తలలో నుంచి జారడం తగ్గుతుంది, చేతి మణికట్టుకూ విసురు తగలదు. ఈ దెబ్బలు గోడలోకి పడేవి కావు, కాబట్టి దాన్ని హామర్ డ్రిల్లు అనుకుని కొనవద్దు. దాని నోట్లో 6.35 మిల్లీమీటర్ల ఆరు పలకల కాడ ఉన్న బిట్లు మాత్రమే పడతాయి, గుండ్రని కాడ ఉన్నవి పట్టవు. చాలా రకాల్లో క్లచ్ ఉండదు కాబట్టి చిన్న స్క్రూలను పుటుక్కున విరిచేస్తుంది. చెవులకు రక్షణ లేకుండా వాడదగ్గ పరికరం కూడా కాదు. ఒక్కటే కొనగలిగితే రంధ్రాలూ వేసి స్క్రూలూ బిగించే, క్లచ్ ఉన్న డ్రిల్-డ్రైవరే కొనండి, ఇంపాక్ట్ డ్రైవర్ రెండో కొనుగోలుగా ఉండనివ్వండి.

పెద్ద బిట్ పెడితే డ్రిల్లు ఆగిపోతుంది

గేరు 2లో ఉండి ఉంటుంది. రెండు గేర్ల డ్రిల్లులో మొదటి గేరు నిమిషానికి సుమారు 400 చుట్ల వరకు, రెండోది సుమారు 1500 వరకు తిరుగుతుంది. చదునైన రేకు లాంటి వెడల్పాటి స్పేడ్ బిట్‌కూ, పెద్ద గుండ్రని రంధ్రం కోసే గిన్నె లాంటి రంపం హోల్ సాకూ మొదటి గేరే కావాలి. గేరు మార్చేటప్పుడు డ్రిల్లు పూర్తిగా ఆగి ఉండాలి, తిరుగుతుండగా మీట నెడితే గేరు పళ్లు దెబ్బతింటాయి. హోల్ సా పళ్ల మధ్య పొట్టు నిండితే ఎంత బలమైన డ్రిల్లైనా మొరాయిస్తుంది, మధ్యమధ్యలో బయటికి తీసి దులపండి. అది ఒక్కసారిగా పట్టుకుపోతే చేయి మెలితిరుగుతుంది కాబట్టి చెక్కను క్లాంపుతో బిగించి, రెండు చేతులతో పట్టుకోండి.

కొనేటప్పుడు టార్క్ (తిప్పే బలం) అంకెలు పోల్చాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. గట్టిగా బిగుసుకున్న స్థితిలో కొలిచిన హార్డ్ టార్క్, చెక్కలో స్క్రూ దిగుతున్నప్పటి సాఫ్ట్ టార్క్ కన్నా బాగా ఎక్కువగా కనిపిస్తుంది. పెట్టె మీద సహజంగానే పెద్ద అంకెనే వేస్తారు. ఒకదాని హార్డ్ అంకెను మరొకదాని సాఫ్ట్ అంకెతో పోల్చితే తేలేది ఏమీ లేదు.

ఇనుములో బిట్ తిరుగుతూనే ఉంటుంది, రంధ్రం పడదు

నవ్వొచ్చినా ముందు ఇది చూడండి: డ్రిల్లు వెనక్కి తిరుగుతోందేమో. తర్వాత బిట్ కొన చూడండి. కొనలో అడ్డంగా అతికించిన చిన్న పలక ఉంటే అది గోడల బిట్, ఇనుముకు పనికిరాదు. ఇనుముకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) రకం కావాలి. కొన నీలంగా మారి ఉంటే అది మాడింది, పదును పోయింది. సెంటర్ పంచ్ (మొనదేలిన ఉక్కు కడ్డీ)తో గుంట కొట్టి, సన్నని బిట్‌తో మొదలుపెట్టి, రెండు చుక్కల నూనె వేసి, వేగం తగ్గించి ఒత్తిడి పెంచండి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే ఇది మరీ ముఖ్యం. బిట్ కోయకుండా రుద్దుకుంటూ తిరిగితే ఆ చోట లోహం ఇంకా గట్టిపడిపోతుంది.

గోడలో అంగుళం కూడా దిగదు

ఇటుక గోడ అయితే కార్బైడ్ కొన ఉన్న బిట్, హామర్ మోడ్ ఉంటే చాలు. కాంక్రీటు సంగతి వేరు. చవక కార్డ్‌లెస్ డ్రిల్లులోని హామర్ అంటే పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి గీసుకుంటూ కలిగించే చిన్న కుదుపు మాత్రమే. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి నిజమైన దెబ్బ కొడుతుంది. అందుకే కాంక్రీటు స్లాబులో మీరు చెమటోడుస్తూ వేసే రంధ్రాన్ని అది అలవోకగా వేస్తుంది. ఆ పని అప్పుడప్పుడే ఉంటే ఎస్‌డీఎస్ ప్లస్ (కాడ మీద గాడులున్న రకం) బిట్లు పట్టే, రోటరీ హామర్ రకం చిన్న వైరు మెషీను కొనడమో, అద్దెకు తెచ్చుకోవడమో చేయండి. కాంక్రీటు కోసమని బరువైన కార్డ్‌లెస్ హామర్ డ్రిల్లు కొని, మిగతా అన్ని పనుల్లో ఆ బరువు మోయడం నాకు సమ్మతం కాదు. టైల్ మీద హామర్ మోడ్ అసలు వాడకూడదు. గోడలో వైర్లు, పైపులు ఎటు వెళ్తున్నాయో చూసుకున్నాకే బిట్ ఆనించండి.

బ్యాటరీ తొందరగా అయిపోతుంది

ముందు పెట్టె మీది వోల్టుల లెక్క తేల్చుకుందాం. ఒక లిథియం అయాన్ సెల్లు సగటున 3.6 వోల్టులు, పూర్తిగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. ఐదు సెల్లులు వరుసగా పెడితే సగటున 18, నిండుగా ఉన్నప్పుడు 21. అంటే 18 వోల్టులదీ, 20 వోల్టుల మ్యాక్స్ అని రాసినదీ, 21 అని రాసినదీ ఒకే తరగతి. 12 అని రాసిన చిన్న డ్రిల్లులో మూడు సెల్లులుంటాయి, దాని సగటు 10.8. ఊరూపేరూ లేని కిట్ల మీద 48, 88 లాంటి అంకెలు పక్కన ఏవో అక్షరాలతో కనిపిస్తే అవి వోల్టులే కానక్కర్లేదు.

బ్యాటరీలో ఎంత శక్తి నిలవ ఉందో నిజంగా చెప్పేది వాట్-అవర్. సగటు వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే అది వస్తుంది. 18 వోల్టుల 2 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 36 వాట్-అవర్లు, 10.8 వోల్టుల 2 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 21.6. బ్యాటరీ అడుగున ఈ వివరాలేవీ రాయని కిట్‌ను నేనైతే ముట్టుకోను.

ఇక ఛార్జర్. చవక కిట్లలో మొబైల్ ఛార్జర్ లాంటి చిన్న అడాప్టర్ వస్తుంది. అది 0.4 ఆంపియర్లు ఇచ్చేదైతే 1.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండడానికి నాలుగు గంటలు దాటుతుంది. బ్యాటరీ అయిపోయిందంటే ఆ పూట పని ఆగినట్టే. అందువల్ల ఒక పెద్ద బ్యాటరీ కన్నా రెండు చిన్నవి, వాటితో పాటు కాస్త వేగమైన ఛార్జర్ ఉన్న కిట్ మంచిది. పని చేసి వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే ఛార్జి చేయండి. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉంటే ఛార్జి చేయకూడదు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో చల్లని చోట పెట్టండి.

నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉన్న పాత డ్రిల్లు తక్కువ ధరకు దొరికిందని తెచ్చుకోవద్దు. వాడకుండా ఉంచినా ఆ బ్యాటరీ ఛార్జి కారిపోతుంది, కొత్త బ్యాటరీ దొరకడమూ కష్టం.

బిట్ ఊగుతూ తిరుగుతుంది

బిట్‌ను అద్దం మీద దొర్లించండి. అది ఎగిరెగిరి పడితే వంకర బిట్‌దే. లేకపోతే చక్ విప్పి, బిట్ మూడు దవడల మధ్యలోనే ఉందో, రెండింటి సందులో ఇరుక్కుందో చూసి మళ్లీ బిగించండి. సన్నని బిట్లతో ఈ పొరపాటు ఎక్కువ. చక్ మొత్తం వదులైతే దవడలను పూర్తిగా తెరిచి లోపలికి చూడండి. చాలావాటిలో అడుగున ఒక స్క్రూ ఉంటుంది, దాని మర ఎడమ వాటం. అంటే గడియారం ముల్లు దిశలో తిప్పితే వదులవుతుంది, వ్యతిరేక దిశలో బిగుస్తుంది. ఇవన్నీ చేసినా ఊగుతుంటే ఇరుసే వంకర. కొత్తదైతే వెంటనే తిరిగి ఇచ్చేయండి. కొత్త డ్రిల్లులో సన్నని, తిన్నని బిట్ పెట్టి మెల్లగా తిప్పి చూడటం మొదటి రోజే చేయాల్సిన పరీక్ష.

ఛార్జర్ బ్యాటరీని తీసుకోదు, లేదా బ్యాటరీ ఉబ్బింది

పూర్తిగా ఖాళీ అయి చాలాకాలం పడి ఉన్న లిథియం బ్యాటరీని ఛార్జర్ నిరాకరించడం లోపం కాదు, రక్షణ. మరో బ్యాటరీ నుంచి వైర్లు కలిపి దాన్ని లేపే ప్రయత్నం చేయవద్దు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. ఉబ్బినా, పగిలినా వాడకం అక్కడితో ఆపి, కొనల మీద టేప్ అంటించి ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. చెత్తబుట్టలో వేయవద్దు. కొత్త బ్యాటరీ కొనేముందు దాని ధరను, అదే కంపెనీ రెండు బ్యాటరీల కిట్ ధరను పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు తేడా కొద్దిగానే ఉంటుంది. అలాంటప్పుడు కిట్ తీసుకుని, పాత డ్రిల్లుకు ఆ బ్యాటరీలు సరిపోతే దానికి రంధ్రాలు వేసే పని, కొత్తదానికి స్క్రూల పని అప్పగించవచ్చు. మాటిమాటికీ బిట్ మార్చే బెడద తప్పుతుంది.