హైబ్రిడ్ కారు: మెత్తని బ్రేకు, బ్యాటరీకి గాలి

మాది విజయనగరం. ఉద్యోగం ఎచ్చెర్ల దగ్గర కాలేజీలో. నాతవలసలో హైవే ఎక్కి పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం మీదుగా రోజూ వెళ్లొస్తాను. హైబ్రిడ్ కారు కొని మూడేళ్లయింది. పలాసలో ఉండే మా బావమరిది ఈ మధ్య అలాంటిదే కొన్నాడు. "బావా, ఫోనులో చెబితే మర్చిపోతున్నాను, రాసి పెట్టు" అన్నాడు. అతనికి రాసిందే ఇది.

ముందు మీది ఏ రకమో చూసుకోండి. "స్మార్ట్ హైబ్రిడ్" అని రాసి ఉన్నవి ఎక్కువగా మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో మోటారు ఇంజనుకు సాయం పడుతుందే కానీ ఒంటరిగా బండిని లాగలేదు. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల్లో స్ట్రాంగ్ హైబ్రిడ్ అని అమ్మేవి, హోండా సిటీ హైబ్రిడ్ లాంటివి ఇంజను ఆపేసి మోటారు మీదే కొంతదూరం పోగలవు. నేను చెప్పేది వీటి గురించే. వీటికి ప్లగ్గు ఉండదు. కాబట్టి మోటారును నడిపే పెద్ద బ్యాటరీలోకి చేరే కరెంటంతా మనం బంకులో పోయించిన పెట్రోలు నుంచి వచ్చిందే. ఈ సంగతి బాగా పట్టుకోండి.

ఎందుకంటే కొత్తలో అందరం ఒకటే పొరపాటు చేస్తాం. ఇంజను రాకూడదని ఎద్దుబండిలా నడుపుతాం. నేనూ నెలరోజులు అలాగే నడిపాను, మైలేజీ ఏమీ పెరగలేదు. బ్యాటరీ అయిపోగానే దాన్ని నింపడానికి ఇంజను మరింత పని చేస్తుంది మరి. బయలుదేరేటప్పుడు మరీ నీరసంగా వద్దు, అలాగని తొక్కేయనూ వద్దు. కావలసిన వేగం అందుకున్నాక కాలు కొంచెం సడలించండి. ఇంజను ఆగి ఈవీ లైటు వెలుగుతుంది. ఆ వేగాన్ని మోటారు మోస్తుంది.

అసలు మిగులంతా ఆగడంలో ఉంది. టోల్ గేటు దూరంగా కనపడగానే నేను యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తాను. మీటరులో ముల్లు మెల్లగా చార్జ్ వైపు వాలుతుంది. అప్పుడు బ్రేకు మీద కోడిగుడ్డును తాకినంత మెత్తగా కాలు ఆనిస్తాను. ముల్లు ఇంకా కిందికి దిగుతుంది కానీ చార్జ్ గడి దాటదు. బండి వేగం మోటారును తిప్పి, కరెంటై బ్యాటరీలోకి పోతుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ గీత ఒకటి పెరిగి ఉంటుంది. ఇదే దూరం వేగంగా వచ్చి చివర్లో గట్టిగా తొక్కితే ఆ శక్తిలో చాలా భాగం బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడై పోతుంది. ముందున్న లారీకి ఎడం ఎక్కువ ఉంచితే ఇదంతా సులువు, ప్రాణానికీ మంచిది. ఎదురుగా ఎవరైనా అడ్డొస్తే మాత్రం చార్జింగు సంగతి వదిలేసి గట్టిగా తొక్కండి.

రైల్వే గేటు దగ్గర న్యూట్రల్‌లో పెట్టే పాత అలవాటు మానుకోండి. న్యూట్రల్‌లో బ్యాటరీ చార్జ్ కాదు. ఏసీ కంప్రెసరు కూడా ఆ పెద్ద బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి పార్కింగులో పెట్టి కూర్చోండి.

హైరైడర్, గ్రాండ్ విటారాలకు పరీక్షలో వచ్చిన అంకె లీటరుకు 27.97 కిలోమీటర్లు. అంత రాలేదని టెన్షన్ పడకండి. నాకు హైవే మీద 80 దాటకుండా పోతే 23 వస్తుంది, 100 మీద పోతే బాగా పడిపోతుంది. మా ఊళ్లో గంటస్తంభం, మూడు లాంతర్ల దగ్గర ఆగుతూ సాగుతూ పోయే ట్రాఫిక్‌లోనే ఈ బండి ఎక్కువ ఇస్తుంది. కానీ అక్కడే ఇంకో జాగ్రత్త. మోటారు మీద పోతుంటే చప్పుడు దాదాపు ఉండదు. వెనక బండి వస్తోందని నడిచేవాళ్లకు తెలియదు. పైడితల్లి అమ్మవారి పండగ జనంలో ఒక ముసలావిడ అద్దానికి చేయి తగిలేదాకా నన్ను గమనించలేదు. ఆ రోజు నుంచి జనం ఉన్నచోట నడక వేగమే.

అనంతగిరి ఘాట్ నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు బ్యాటరీ చాలాసార్లు దారిలోనే నిండిపోతుంది. నిండాక అది ఇంకేమీ తీసుకోదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అందుకే గేరులో బి అనే స్థానం ఉంటే దిగడం మొదలుకాక ముందే అందులో వెయ్యండి. ఇంజను హోరుమంటుంది, భయం లేదు, బండిని ఆపి పట్టుకుంటున్న చప్పుడు అది. చదును రోడ్డు మీద బి వాడితే లాభం లేదు.

ఇక బ్యాటరీకి గాలి. మొదటి సంక్రాంతికి పలాస నుంచి తిరిగి వస్తున్నాం. మా అత్తగారు కట్టిచ్చిన జీడిపప్పు, బియ్యం సంచి, దుప్పట్లు అన్నీ వెనక సీటు దగ్గర కుక్కాం. నరసన్నపేట దాటాక వెనక ఫ్యాను గోల చేసింది, తర్వాత తెర మీద హెచ్చరిక వచ్చింది. పక్కకు ఆపి చూస్తే, బ్యాటరీ గాలి పీల్చుకునే జాలీకి బియ్యం సంచి ఆనుకుని ఉంది. సంచి తీసి అరగంట ఆగాక హెచ్చరిక పోయింది. మర్నాడు ఆ జాలీ విప్పిస్తే ఫిల్టరు నిండా దుమ్ము, వెంట్రుకలు, మా పాప తిన్న మరమరాలు. అంతకు ముందు రెండు సర్వీసుల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. జాబ్ కార్డు మీద "బ్యాటరీ ఫిల్టరు క్లీనింగ్" అని దగ్గరుండి రాయించండి. మీ కారులో జాలీ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, అక్కడ సామాను పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. అది పీల్చేది కారు లోపలి గాలే. రోహిణి ఎండలో నిలిపిన కారయితే ముందు అద్దాలు దించి వేడి గాలి పోనిచ్చి, అప్పుడు ఏసీ వేసుకుని కదలండి.

పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా, మామూలు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే బండి స్టార్టు కాదు, మీటరులో రెడీ లైటు వెలగదు. రెడీ లైటు లేకుండా పాటలు పెట్టుకుని కూర్చుంటే అది త్వరగా ఖాళీ అవుతుంది. కారు కొన్నాళ్లు కదలకపోతే వారానికోసారి గంటసేపు రెడీలో ఉంచండి, తలుపులు మూసిన షెడ్డులో మాత్రం వద్దు. ఇంజను దానంతట అదే మొదలవుతుంది, పొగ ప్రాణాంతకం. దిగేటప్పుడు కూడా చప్పుడు లేదు కదా అని వదిలేయకుండా పవరు బటన్ నొక్కారో లేదో చూసుకోండి.

కోతల రోజుల్లో టెక్కలి వైపు రోడ్ల మీద చోళ్లు (రాగులు), ఉలవలు నూర్పిడికి పరుస్తారు. ఆ గడ్డి సైలెన్సరుకు చుట్టుకుంటే అంటుకునే ప్రమాదం ఉంది. దాటాక ఆపి, ముందు పవరు కట్టేసి, కింద చూసి లాగేయండి.

ఒకసారి కారును ఊరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, "ఏటి మాస్టారూ, ఇంజను ఆడతన్నాదా లేదా?" అని ఆశ్చర్యపోయాడు. గాలి, పంక్చర్లు అతనే చూస్తాడు. ఆయిలు మాత్రం మాన్యువల్ చెప్పిన పల్చటి గ్రేడే పోయించండి. ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) కూలెంట్ డబ్బా వేరుగా ఉంటే దాని మట్టం కూడా చూడాలి, అందులో కుళాయి నీళ్లు పోయకూడదు. బానెట్ తీసి ప్రెషరు నీళ్లు కొట్టించవద్దు. ఎక్కువ వోల్టేజి కరెంటు పోయే నారింజ రంగు తీగలను, కారు గుద్దుకున్నప్పుడు కూడా, ఎవరూ ముట్టకూడదు.

వంశధార, నాగావళి పొంగి రోడ్డెక్కినప్పుడు నీళ్లలోకి దించనే వద్దు. బండి ఆగిపోతే ట్రాక్టరుకు తాడు కట్టి లాగిద్దామంటారు, ఒప్పుకోకండి. ముందు చక్రాలు నేల మీద తిరిగితే వాటితోపాటు మోటారూ తిరిగి కరెంటు పుడుతుంది, లోపల భాగాలు పాడవుతాయి. నాలుగు చక్రాలూ ఎక్కించుకునే బండినే పిలవండి. మా బావమరిది ఆ బండివాళ్ల ఫోను నంబరును డ్యాష్‌బోర్డు అరలో మూత వెనక అంటించుకున్నాడు.